ఇప్పసారా బట్టీ: హద్దుల శాస్త్రం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ లోపల, వేడిగాలి దూసుకొచ్చే చోట ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఆ వేడిలో కోక్ బొగ్గు ఇనుపరాయిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన ఇనుము కరిగి అడుగుకు చేరుతుంది. టౌన్‌షిప్ దాటి బాలోద్ మీదుగా బస్తర్ దారి పడితే పల్లెల్లో మరో రకం పొయ్యి కనిపిస్తుంది. మూడు రాళ్ళ మీద ఒక కుండ, దాని మీద ఇంకో కుండ, అన్నిటికన్నా పైన చన్నీళ్ళ గిన్నె. అడుగు కుండలో ఉన్న ఇప్పపువ్వు ఊట 93 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మొదటి పొయ్యికి వేల మంది ఇంజినీర్లు, కార్మికులు కావాలి. రెండోదాన్ని ఇంటి ఇల్లాలు ఒక్కతే నడుపుతుంది. రసాయన శాస్త్రం మాత్రం రెండు చోట్లా ఉంది.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం భిలాయికి పునాది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పనికోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకునేంతగా వేళ్ళూనుకున్నాయి. వాళ్ళకు ఇప్పచెట్టు కొత్తదేమీ కాదు. పార్వతీపురం, పాడేరు కొండల్లోనూ, ఆదిలాబాద్, ఖమ్మం అడవుల్లోనూ ఉన్నది ఈ చెట్టే. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని మహువా అంటారు.

ఈ అధ్యాయం ఆ చిన్న పొయ్యి గురించి. పువ్వు రాలడం నుంచి సారా బొట్టుబొట్టుగా దిగేదాకా ప్రతి దశలోనూ ప్రకృతి ఒక హద్దు గీసింది. పువ్వుకు రుతువు హద్దు, ఈస్టుకు తను తయారుచేసే విషమే హద్దు, ఆవిరికి చన్నీళ్ళు హద్దు. ఈ హద్దులన్నీ కలిసే ఇప్పసారాను కొన్ని వందల ఏళ్ళపాటు ఒక ఇంటికీ ఒక పండక్కీ కట్టి ఉంచాయి. అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకుంటే, అవి చెరిగిపోయినప్పుడు ఏం జరిగిందో కూడా తేటతెల్లమవుతుంది.

రాత్రి పూసి తెల్లవారేసరికి రాలే పువ్వు

ఇప్పచెట్టును ఆధునిక వృక్షశాస్త్రానికి పరిచయం చేసినవాళ్ళలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. గోదావరి సీమలోని సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కల మీద పనిచేసిన ఈ స్కాటిష్ వైద్యుడు 1795లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని బస్సియా లాటిఫోలియా పేరుతో బొమ్మతో సహా వర్ణించాడు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీన్ని మధూకా లాంగిఫోలియాగా లెక్కిస్తున్నారు.

మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో బోడికొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు వేలాడతాయి. పువ్వు రాత్రిపూట విచ్చుకుంటుంది. రేకలు విడివిడిగా ఉండవు, లేత పసుపు రంగులో కండగల చిన్న బుడ్డిలా ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. మొగ్గ పూర్తిగా విచ్చుకోకముందే కీలం, అంటే పుప్పొడిని అందుకునే ఆడభాగం, బయటికి పొడుచుకొస్తుంది. కేసరాలు పక్వానికి వచ్చేది ఆ తరువాతే. ఈ తేడావల్ల పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందడం తగ్గుతుంది. పుప్పొడిని మోసుకెళ్ళే పని పండ్లు తినే గబ్బిలాలది. అవి తియ్యటి రేకల కండను నములుతూ కొమ్మకొమ్మకూ తిరుగుతాయి. ఆ తీపే చెట్టు వాటికిచ్చే కూలి.

తెల్లవారుజామున రేకల బుడ్డి కేసరాలతో సహా ఊడి నేల మీద పడుతుంది. అండాశయం మాత్రం కొమ్మ మీదే ఉండిపోయి తరువాత కాయ అవుతుంది. కాబట్టి రాలిన పువ్వును ఎంత ఏరుకున్నా చెట్టు పంటకు నష్టం ఉండదు. అదే చెట్టు వేసవి చివర కాయనిస్తుంది, కాయలోని గింజల నుంచి ఇప్పనూనె వస్తుంది. ఒకే కొమ్మ నుంచి రెండు పంటలు తీసుకునే ఈ వీలు పువ్వు రాలే తీరులోనే ఉంది. మనిషి చేసే నష్టం వేరే ఉంది. పువ్వు తేలిగ్గా కనబడాలని చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. అది అదుపు తప్పితే అడవి అంటుకుంటుంది. చెట్టు కింద వల పరిచి పువ్వు పట్టే పద్ధతి అందుకే వచ్చింది.

కోడి కూసే వేళకే ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఎండెక్కేలోపు ఏరుకోకపోతే పశువులు తినేస్తాయి, అడవిలోనైతే ఎలుగుబంట్లు తినేస్తాయి. అప్పుడే రాలిన పువ్వు బరువులో మూడొంతుల పైగా నీరే. వాకిట్లో పరిచి ఎండబెడితే ముడతలు పడి కిస్‌మిస్‌లా ఎర్రగోధుమ రంగుకు తిరుగుతుంది. ఎండిన పువ్వు బరువులో దాదాపు సగం చక్కెరలే. నీరు తక్కువ, చక్కెర ఎక్కువ ఉన్న చోట సూక్ష్మజీవులు బతకలేవు, ఎందుకంటే చక్కెర వాటి కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. అందుకే బాగా ఎండిన ఇప్పపువ్వు గాదెలో నెలల తరబడి నిలవ ఉంటుంది. వానాకాలపు చెమ్మ తగిలితే బూజు పడుతుంది. మొదటి హద్దు ఇదే. పువ్వు ఏడాదికి ఒక్కసారి, కొన్ని వారాలు మాత్రమే వస్తుంది, ఆ ఇంటి చేతులు ఏరగలిగినంతే వస్తుంది.

ఇప్పపువ్వు వాసన మీద ఒక ముచ్చటైన పరిశోధన ఉంది. కలకత్తా శాస్త్రజ్ఞుడు ఆర్. ఎల్. బ్రహ్మచారి పులులు తమ సరిహద్దుల్లో చెట్ల మీద చిమ్మే ద్రవంలో 2-అసిటైల్-1-పైరోలీన్ అనే అణువును గుర్తించాడు. బాస్మతి బియ్యానికి ఆ కమ్మటి వాసన ఇచ్చేదీ ఇదే. ఇప్పపువ్వు పరిమళంలోనూ ఆయన బృందం దీన్నే చూపించింది. అన్నం, పులి, పువ్వు మూడూ ఒకే అణువుతో వాసన వేస్తున్నాయన్నమాట.

ఊటలో ఏం జరుగుతుంది

ఎండిన పువ్వును కడిగి, నీళ్ళు పోసి కుండలో నానబెడతారు. మూతికి గుడ్డ కట్టి నీడన ఉంచుతారు. వేసవిలో నాలుగైదు రోజులు, చలికాలంలో వారం పైగా పడుతుంది. రెండో రోజుకే పైన నురగ కడుతుంది, కుండ దగ్గర చెవి పెడితే బుసబుసమనే శబ్దం వినిపిస్తుంది, చెయ్యి పెడితే కొంచెం వెచ్చగా తగులుతుంది.

పువ్వు మీద అడవి ఈస్టులు ముందే ఉంటాయి. పళ్ళరసాల ఊటల్లో కనబడే క్రమం ఇలా సాగుతుంది. మొదట తక్కువ ఓర్పు ఉన్న రకరకాల ఈస్టులు విజృంభిస్తాయి. ఆల్కహాల్ నూటికి ఐదారు పాళ్ళకు చేరేసరికి అవి చచ్చిపోతాయి. అప్పుడు శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టు రంగాన్ని ఆక్రమిస్తుంది. ఇప్పపువ్వు నుంచి కూడా శాస్త్రజ్ఞులు దీన్ని వేరుచేశారు. రొట్టెను పొంగించేదీ, ద్రాక్షరసాన్ని వైన్ చేసేదీ ఇదే.

ఈ పనిని ఒక జీవి చేస్తోందని 1857లో లూయీ పాశ్చర్ మొదలుపెట్టిన కృషి నిరూపించింది. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టు కణాలను నూరి, పిండి, కణాలు లేని రసంతోనే చక్కెరను పులియబెట్టి చూపించాడు. కణం లోపలి ఎంజైములు చాలని దాంతో తేలింది. 1907లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతకీ ఈస్టుకు దీనివల్ల లాభమేమిటి? ఈ ప్రశ్నకు జవాబులో మన భీమవరం బిడ్డ ఉన్నాడు. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల నుంచి ఏటీపీ అనే అణువును వేరుచేసి ప్రకటించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు. జీవకణాలన్నీ శక్తిని ఖర్చుపెట్టేది ఏటీపీ రూపంలోనే. ఆక్సిజన్ సాయంతో ఒక గ్లూకోజ్ అణువును పూర్తిగా కాల్చుకుంటే కణానికి దాదాపు 30 ఏటీపీలు దక్కుతాయి. పులియబెట్టే దారిలో దక్కేవి రెండే.

మిగిలిన శక్తి ఎటు పోయినట్టు? 180 గ్రాముల గ్లూకోజ్ పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ గ్లూకోజ్‌ను మండిస్తే సుమారు 2800 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. దాని నుంచి పుట్టిన 92 గ్రాముల ఆల్కహాల్‌ను మండించినా సుమారు 2730 కిలోజౌళ్ళు వస్తాయి. అంటే చక్కెరలోని శక్తిలో నూటికి 97 పాళ్ళు ఆల్కహాల్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఈస్టు తీసుకున్నది అతి స్వల్పం. సారా భగ్గున మండడానికి కారణం ఇదే. తాగినవాడి ఒంట్లో గ్రాముకు ఏడు కేలరీలు చేరి, వాటితో పాటు మాంసకృత్తులు గానీ విటమిన్లు గానీ ఏవీ రాకపోవడానికి కారణమూ ఇదే.

ఇంత తక్కువ లాభానికి ఈస్టు ఎందుకు ఒప్పుకుంటుంది? వేగం కోసం, శత్రువులను చంపడం కోసం. చక్కెర దండిగా ఉన్నప్పుడు శాకరోమైసిస్ పక్కన ఆక్సిజన్ ఉన్నా పులియబెట్టే దారినే పడుతుంది. గబగబా ఆల్కహాల్ వదిలి పోటీకి వచ్చే బాక్టీరియాను, ఇతర ఈస్టులను మట్టుబెడుతుంది. అయితే ఆల్కహాల్ దాని సొంత కణపు పొరలను కూడా కరిగిస్తుంది. నూటికి 12 నుంచి 15 పాళ్ళు దాటితే అదీ ఆగిపోతుంది. పల్లె కుండలో సాధారణంగా అంతదాకా కూడా పోదు. కాబట్టి రెండో హద్దు ఈస్టు తనకు తానే గీసుకున్నది. ఎంత చక్కెర పోసినా పులియబెట్టడం ఒక్కదానితోనే గాఢమైన మద్యం రాదు.

ఆంధ్ర పల్లెల్లో నాటుసారాకు వాడేది బెల్లం ఊట. బెల్లంలో చక్కెర పుష్కలంగా ఉన్నా ఈస్టు పెరగడానికి కావలసిన నైట్రోజన్ చాలదు. నవాసారం వెయ్యడం వెనుక రసాయన శాస్త్రం అదే. అది అమ్మోనియం క్లోరైడ్, ఈస్టుకు నైట్రోజన్ ఎరువు. తుమ్మచెక్క వేస్తే అందులోని టానిన్లు కొన్ని రకాల బాక్టీరియాను అణచిపెడతాయి. ఇప్పపువ్వులో చక్కెరతో పాటు కొంత మాంసకృత్తి, ఖనిజాలు ఉంటాయి కాబట్టి పువ్వూ నీళ్ళతోనే ఊట నడిచిపోతుంది.

కిలో ఎండుపువ్వులో అరకిలో చక్కెర ఉందనుకుందాం. లెక్కప్రకారం 255 గ్రాముల ఆల్కహాల్ రావాలి. దాంతో పాటు 130 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. కుండ మూతిని గట్టిగా బిగించకుండా గుడ్డ మాత్రమే కట్టేది ఆ వాయువుకు దారి కావాలనే. మూసిన గదిలో పెద్ద డ్రమ్ముల్లో ఊట పెట్టేవాళ్ళకు ఈ వాయువు ప్రాణాంతకం. గాలికన్నా బరువైనది కాబట్టి అది నేల మట్టాన పేరుకుంటుంది.

కుండ మీద కుండ

ఊట సిద్ధమయ్యాక బట్టీ పెడతారు. అడుగు కుండలో ఊట. దాని మూతి మీద అడుగున బెజ్జాలున్న రెండో కుండ, అందులో సారా పట్టే చిన్న పాత్ర. ఆపైన మూతలా కూర్చునే గుండ్రటి అడుగున్న లోహపు గిన్నె, అందులో చన్నీళ్ళు. అతుకుల దగ్గర తడిగుడ్డ చుట్టి బంకమట్టి మెత్తుతారు. కొన్ని చోట్ల లోపలి పాత్ర నుంచి వెదురు గొట్టం బయటికి వస్తుంది. ఆవిరి పైకి లేచి చన్నీళ్ళ గిన్నె అడుగుకు తగిలి చల్లబడుతుంది. బొట్లు గిన్నె అడుగున మధ్యకు జారి కింది పాత్రలో పడతాయి.

ఆల్కహాల్ 78 డిగ్రీలకు మరుగుతుంది, నీళ్ళు 100 డిగ్రీలకు. అందుకని ముందు ఆల్కహాల్ అంతా వచ్చేసి తరువాత నీళ్ళు వస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు జరిగేది వేరు. రెండూ కలిసిన ద్రవం కలిసే మరుగుతుంది. పది శాతం ఆల్కహాల్ ఉన్న ఊట 93 డిగ్రీల దగ్గర మరిగి, సుమారు సగం ఆల్కహాల్, సగం నీరు ఉన్న ఆవిరినిస్తుంది. పదిపాళ్ళు ఒక్క దెబ్బతో యాభై దాకా ఎగబాకుతాయి. కాసేపటికి ఊటలో ఆల్కహాల్ తగ్గుతుంది, ఆవిరి కూడా పలచనవుతుంది. అందుకే మొదట దిగిన సారా మహా ఘాటుగా, చివరిది నీళ్ళ మాదిరిగా ఉంటుంది. అన్నీ కలిపితే గాఢత 20 నుంచి 40 శాతం మధ్య తేలుతుంది. ఎన్నిసార్లు తిరగగాచినా మామూలు బట్టీతో బరువులో 95.6 శాతం దాటదు. అక్కడ ద్రవమూ ఆవిరీ ఒకే పాళ్ళలో ఉంటాయి, వేరుపడడానికి తేడా మిగలదు.

బట్టీ దగ్గర కూర్చున్న మనిషి కన్ను మంట మీదకన్నా పై గిన్నెలోని నీళ్ళ మీదే ఎక్కువగా ఉంటుంది. లెక్క కడితే ఎందుకో తెలుస్తుంది. 40 శాతం ఉన్న లీటరు సారాలో సుమారు 316 గ్రాముల ఆల్కహాల్, 635 గ్రాముల నీరు ఉంటాయి. ఆ రెండింటి ఆవిరి ద్రవంగా మారేటప్పుడు 1700 కిలోజౌళ్ళ వేడి వదులుతుంది. ఆ వేడినంతా పై గిన్నె పీల్చుకోవాలి. నీళ్ళను 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా వేడెక్కనిస్తే లీటరు సారాకు 13, 14 లీటర్ల చన్నీళ్ళు కావాలి. అందుకే నీళ్ళు వెచ్చబడగానే తోడిపోసి మళ్ళీ నింపుతారు. ఎన్ని గిన్నెలు మార్చారన్నదే వాళ్ళకు కొలత. ఇన్ని గిన్నెలయ్యాక సారా పలచబడుతుంది, బట్టీ దించాలి అని చూపుతోనే చెబుతారు. థర్మామీటరు లేని చోట ఆ లెక్క శక్తి కొలతకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే పై గిన్నె పీల్చిన వేడి దిగిన సారా పరిమాణాన్ని బట్టే ఉంటుంది.

కట్టెల ఖర్చూ ఉంది. ఐదు లీటర్ల ఊటను మరిగించి లీటరు సారా దించడానికి సుమారు 3000 కిలోజౌళ్ళు కావాలి. మూడు రాళ్ళ పొయ్యిలో మంట వేడిలో పదోవంతే కుండకు అందుతుంది కాబట్టి రెండు కిలోల కట్టెలు ఖర్చవుతాయి. మూడో హద్దు ఇది. బావి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు, అడవి నుంచి మోసుకొచ్చిన కట్టెలు ఎంత ఉంటే అంతే సారా.

మంట చెప్పేది, మంట చెప్పనిది

సారా బాగుందో లేదో చూడడానికి పొయ్యిలో చెంచాడు చిలకరించడం, లేదా అగ్గిపుల్ల గీసి చూపడం పల్లెల్లో మామూలు. అంటుకుంటే గట్టి సరుకని నమ్మకం. ఇందులో నిజం ఉంది, పూర్తి నిజం లేదు.

ద్రవం మీద చేరిన ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. 40 శాతం ఆల్కహాల్‌కు అది 26 డిగ్రీలు, 20 శాతం ఆల్కహాల్‌కు 36 డిగ్రీలు. మే నెలలో భిలాయి చుట్టుపక్కల మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి 20 శాతం ఉన్న పలచటి సారా కూడా భుక్కుమంటుంది. డిసెంబరు పొద్దున 12 డిగ్రీల చలిలో 40 శాతం సారా కూడా అంటుకోకపోవచ్చు. కాబట్టి మంట పరీక్ష సారా గాఢతతో పాటు ఆ రోజు ఎండను కూడా కొలుస్తోంది.

మంట చెప్పని సంగతి ఇంకా ముఖ్యం. మెథనాల్ అనే విషపు ద్రవం కూడా ఆల్కహాల్ లాగే మండుతుంది, ఆల్కహాల్ లాగే మత్తెక్కిస్తుంది. ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ ఆమ్లం కంటినరాన్ని దెబ్బతీస్తుంది. 30 మిల్లీలీటర్ల శుద్ధ మెథనాల్ ప్రాణం తీయగలదు. 1981 జూలైలో బెంగళూరు ప్రాంతంలో కల్తీసారా 300 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ మెథనాల్ పువ్వు నుంచో బెల్లం నుంచో పుట్టింది కాదు, కర్మాగారాల్లో వాడే స్పిరిట్‌ను కలిపితే వచ్చింది. పువ్వు పులిసినప్పుడు పుట్టే మెథనాల్ చాలా స్వల్పం. మొదట దిగిన సారా పారబోస్తే మెథనాల్ పోతుందన్న నమ్మకం కూడా నిలవదు. నీళ్ళతో కలిసి ఉన్నప్పుడు మెథనాల్ మొదటి నుంచి చివరిదాకా సారాతోపాటే దిగుతూ ఉంటుంది. తాగినవాళ్ళకు చూపు మసకబారినా, కళ్ళ ముందు తెల్లటి పొర కమ్మినట్టున్నా, వాంతులతో ఊపిరి వేగం పెరిగినా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి చేర్చాలి. మెథనాల్ విషంగా మారకుండా అడ్డుకునే మందు ఫోమెపిజోల్ ఉంది, రక్తాన్ని శుభ్రం చేసే డయాలసిస్ ఉంది. తొందరగా చేరితే ప్రాణమూ చూపూ దక్కే అవకాశం ఉంటుంది.

కలారిన్ కొట్టు నుంచి కాంట్రాక్టు దాకా

మనదేశంలో మద్యం మీద రాజ్యం కన్ను పడడం కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి మీద ప్రత్యేక అధ్యాయమే ఉంది. ఊటకు వేసే కిణ్వం ఎలా తయారుచెయ్యాలో అందులో చెప్పారు. సారా కాచే విద్య కూడా పాతదే. వాయవ్య సరిహద్దులోని షేఖాన్ ఢేరీ, తక్షశిల తవ్వకాల్లో దొరికిన మట్టిపాత్రలను పరిశీలించిన పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1979లో, బట్టీ పెట్టే విద్యకు భారతదేశం పుట్టిల్లు కావచ్చునని వాదించాడు.

ఛత్తీస్‌గఢ్‌లో సారా కాచి అమ్మే వృత్తి ఒకప్పుడు కలార్ కులానిది. బాటసారులు ఆగి దాహం తీర్చుకుని విశ్రమించే కొట్లు వాళ్ళవే. 1916లో అచ్చయిన మధ్యపరగణాల కులాల, తెగల గ్రంథంలో ఆర్. వి. రస్సెల్, హీరాలాల్ ఈ కులం మీద విడిగా రాశారు. బాలోద్ దగ్గర సోరర్ గ్రామంలో రాతిస్తంభాల పాత మండపాన్ని బహాదుర్ కలారిన్ మాచీ అని పిలుస్తారు. సారా అమ్ముకునే ఒక స్త్రీ, ఆ దారిన వచ్చిన రాజు, వాళ్ళకు పుట్టిన కొడుకు చుట్టూ అల్లుకున్న జానపద గాథ అది. నాటకకర్త హబీబ్ తన్వీర్ 1978లో దాన్ని నాటకంగా మలిచాడు. పల్లెల కథల్లో సారాకొట్టు యజమానురాలికి నాయిక స్థానం దక్కిందంటే ఆ కొట్టు ఊరిబతుకులో ఎంతగా కలిసిపోయిందో ఊహించుకోవచ్చు.

బ్రిటిష్ పాలనలో అబ్కారీ పన్ను వచ్చింది. మొదట ఒక్కో ప్రాంతంలో బట్టీ పెట్టి అమ్ముకునే హక్కును వేలం వేశారు. ఆ తరువాత పల్లె బట్టీలను మూయించి, పెద్ద డిస్టిలరీల్లో కాచిన సారాను కాంట్రాక్టర్ల ద్వారా పంపే పద్ధతి తెచ్చారు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వును దగ్గర ఉంచుకోవడం, తరలించడం మీద ఆంక్షలు పెట్టింది. కరువులో కడుపు నింపే పువ్వు అది. పన్నుకోసం దానికి సంకెళ్ళు వేశారు. స్వాతంత్ర్యం తరువాత ఆదివాసులకు ఇంటి అవసరానికి పరిమితంగా కాచుకునే వెసులుబాటు కొన్ని రాష్ట్రాల్లో దక్కింది. గోండు ఇళ్ళల్లో పుట్టుకకూ పెళ్ళికీ చావుకూ ఇప్పసారా చుక్క దేవుడికీ పితృదేవతలకూ పొయ్యాల్సిందే. ఆ చుక్కకు చట్టం చోటిచ్చింది.

డిస్టిలరీ రాగానే మూడు హద్దులూ ఒక్కసారిగా పోయాయి. మొలాసిస్, అంటే చక్కెర మిల్లుల మడ్డి, ఏడాది పొడుగునా దొరుకుతుంది, రుతువుతో పని లేదు. నిలువెత్తు స్తంభాల్లో ఎడతెగకుండా స్వేదనం చేసి నూటికి 95 పాళ్ళ స్పిరిట్ తీస్తారు, ఈస్టు హద్దు లెక్కలోకి రాదు. బాయిలరు, పంపు ఉన్నాయి, కట్టెలూ బిందెలూ అక్కర్లేదు. ఇక మిగిలిన హద్దు ఒక్కటే, తాగేవాడి జేబు.

జేబు నిండినప్పుడు

భిలాయికి ఇనుపరాయి అందించే దల్లీ రాజహరా గనులు అక్కడికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 1977లో కాంట్రాక్టు గని కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ పెట్టుకున్నారు. పోరాడి కూలి పెంచుకున్నారు. పెరిగిన కూలిలో పెద్ద వాటా సారాకొట్టుకు పోతోందని సంఘం గమనించింది. కూలి పోరాటం గెలిచీ కుటుంబం ఓడిపోతున్నదని తెలిసి, ఆడవాళ్ళు ముందు నిలిచి మద్య వ్యతిరేక ఉద్యమం నడిపారు. తాగివచ్చినవాళ్ళకు సంఘమే జరిమానా వేసింది. వేల మంది మానేశారు. ఆ కార్మికులే తమ చందాలతో, శ్రమదానంతో 1983లో షహీద్ ఆస్పత్రి తెరిచారు. నియోగి 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యాడు. ఆస్పత్రి ఆయన తరువాత కూడా నిలిచింది.

తెలుగునాట కూడా ఇదే జరిగింది. 1980లలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్లాస్టిక్ పొట్లాల్లో పల్లె గడపకు చేరింది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకున్న ఆడవాళ్ళు తమ కష్టాన్ని అక్కడే మాట్లాడుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ తదితరులు సారాకొట్టును మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది.

ఈ రెండు ఉద్యమాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టం. ఆడవాళ్ళు ఎదిరించింది రోజూ, ప్రతి సందులోనూ, ఎంత కావాలంటే అంత అప్పుమీద కూడా దొరికే సారాను. ప్రకృతి గీసిన హద్దులు చెరిగిపోయిన చోట మనుషులు కూడి తమ హద్దు తాము గీసుకున్నారు. శరీరానికి కూడా ఒక హద్దు ఉంది, దాన్ని ఏ డిస్టిలరీ పెంచలేదు. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే తీసేయగలదు. మధ్యలో పుట్టే అసిటాల్డిహైడ్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇంటి కుండలో కాచినా, అద్దాల సీసాలో అమ్మినా ఆల్కహాల్ అణువు ఒకటే, కాలేయానికి వాటి మధ్య తేడా తెలియదు.

అలాగని ఆ పొయ్యి వెనుక ఉన్న విద్యను చిన్నచూపు చూడడం తగదు. గిన్నెలు లెక్కపెట్టి శక్తిని కొలిచిన ఆడవాళ్ళు, గుడ్డ మాత్రమే కట్టి వాయువుకు దారి విడిచినవాళ్ళు, రాలిన పువ్వునే ఏరి కాయను కాపాడినవాళ్ళు ప్రకృతిని పరిశీలించి నేర్చుకున్నవాళ్ళే. బడిలో స్వేదనం పాఠం చెప్పేటప్పుడు గాజు కండెన్సరు బొమ్మతో పాటు కుండ మీద కుండ బొమ్మ కూడా వెయ్యాలి. భిలాయిలోనూ, ఆదిలాబాద్ వైపు ఉట్నూరులోనూ పిల్లలు దాన్ని వెంటనే గుర్తుపడతారు. పువ్వుకూ సారా ఒక్కటే దారి కాదు. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పువ్వు నిండా చక్కెర ఉన్నప్పుడు దాన్ని ఈస్టుకు పెట్టాలా, బిడ్డలకు పెట్టాలా అన్నది ఏరినవాళ్ళు తేల్చుకోవాలి. ఆ నిర్ణయం వాళ్ళ చేతిలో ఉండాలంటే పువ్వుకు గిట్టుబాటు ధర రావాలి, అడవి మీద వాళ్ళ హక్కు నిలవాలి. ధర దక్కని పువ్వు దళారీ గోదాముకు పోతుంది, అక్కడి నుంచి సారాగా మారి ఎక్కువ ధరకు మళ్ళీ అదే ఊరికి వస్తుంది. ఇప్పచెట్టును, దాని విద్యను, దాని హద్దును కాపాడుకోవడం మూడూ ఒకే పని.